మా రోజుల్లో: ప్లానులో లేని అడవి

ఈ కాలపోళ్లు తొవ్వ నడిచేది వారం రోజులైతే, తొవ్వ గురించి మాట్లాడేది మూన్నెల్లు. మా ఇంట్ల దసరా సంది ఇదే లొల్లి. పెద్దోడు హైదరాబాదుల, చిన్నోడు పుణెల, కోడండ్లకు ఎవల నౌకర్లు వాళ్లకు. అందరు కలిసి సంక్రాంతికి మా ఊరు అంకిసకు వస్తరట, వచ్చి రెండు కార్లల్ల గుట్టలు, అడవులు, నేషనల్ పార్కులు చుట్టివస్తరట. దానికి వాట్సాప్‌ల ఒక గ్రూపు. గ్రూపుకో పేరు, ఆ పేరు ఇంగ్లీషుల. అండ్ల నన్ను సుత కలిపిన్రు. నడిరాత్రి ఫోను టింగుమంటది. ఎవలికేమైందో అని గాబరగ లేచి చూస్తె జగదల్‌పూర్‌ల హోటలు గది ఫొటో. మంచం మీద తువ్వాలను హంస బొమ్మ చేసి పెట్టిన్రు. దాని కింద వరుసగ బొటనవేళ్లు. దీనికా నా నిద్ర చెడగొట్టింది?

ప్లాను గట్టిగనే చేసిన్రు, అబద్ధమెందుకు. మనుమడు కంప్యూటర్ల గళ్లు గీసి గంట గంటకు ఏం చెయ్యాల్నో రాసిండు. అంకిస నుంచి ఆసరెల్లి, పాతగూడెం. ఇంద్రావతి వంతెన దాటితె తిమేడ్, భోపాల్‌పట్నం, ఆడికెళ్లి బీజాపూర్, గీదం మీదుగ జగదల్‌పూర్. 63వ నంబరు జాతీయ రహదారి. చిత్రకోట్ జలపాతానికి ఒక పూట. కాంగేర్ లోయ నేషనల్ పార్కుకు ఒక రోజు, అండ్లనే తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్ గుహ. ఆ తర్వాత కోరాపుట్ గుట్టల మీదుగ అరకు, బొర్రా గుహలు. పాడేరు, చింతపల్లి అడవులు దాటి మారేడుమిల్లి, పాపికొండలు. భద్రాచలంల రాముని దర్శనం, ఏటూరునాగారం, మహదేవపూర్, కాళేశ్వరం, ఇల్లు. దండకారణ్యమంత ఒక చుట్టు. రాముడు ఏండ్లకేండ్లు తిరిగిన అడవిని వీళ్లు ఏడు రోజులల్ల తెంపుతరు.

మొదటి రోజు మొదటి గడిల ఏం రాసున్నదో తెలుసా? 7:15 టిఫిను, 7:45 బయలుదేరుడు. ఈ ఇంట్ల ఎనిమిదైనా స్నానాల వంతు తెగది. చిన్న కోడలు తలంటు పోసుకున్ననాడు తొమ్మిదైనా తెగది. ఆ గడిని చూసి నేను నవ్విన. మనుమనికి కోపమొచ్చింది. "ఏంది తాతా, నువ్వు ప్రతిదానికి నవ్వుతవు" అన్నడు. ప్రతిదానికి నవ్వలేదు బిడ్డా, ఆ ఒక్క గడికే.

మా రోజుల్ల ప్రయాణం గడియారాన్ని చూసి పెట్టుకోకపోయేది, నదిని చూసి పెట్టుకునేది. తెల్వనోళ్లకు చెప్తున్న, మా సిరొంచ తాలూకాకు పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. ఉత్తరానికి పోదమంటె ఆల్లపల్లి దాకా అడవి. మూడు దిక్కుల నీళ్లు అడ్డం, నాలుగో దిక్కున చెట్లు అడ్డం. మిరుగు కార్తె వానలు పడ్డయంటె దీపావళి దాకా ఉన్న కాడనే ఉండుడు. పెండ్లి సంబంధాలు, చుట్టాల ఇండ్లకు పోవుడు, జాతరలు, సంతలు అన్ని ఏరు తగ్గినంకనే. ముహూర్తం అయ్యగారు చెప్పినా సరే, పడవ నడిపేటాయన సరేననాలె. ఒడ్డు మీద గొంతు కూసోని బీడి ముట్టించి, నీళ్ల దిక్కు చూసి, "ఇయ్యాల వద్దు పటేలా" అంటె అయిపాయె, మల్ల ఇంటికే. ఎందుకంటవని ఎదురడిగినోడు లేడు. నీళ్లల్ల కట్టెలు, చెత్త కొట్టుకొస్తున్నయంటె పైన యాడనో వాన దంచిందని ఆయనకు ఎరుక. ఇప్పుడు గోదావరి పొంగుడు వాన ఒక్కదాని చేతుల లేదు. యాడ ఎన్ని గేట్లు ఎత్తిన్రో ఫోన్ల వస్తది. ఒక్కొక్కసారి నీళ్లొచ్చినంక ఫోనొస్తది. 2022 జులై వరద చూసినోళ్లను అడుగున్రి.

అప్పట్ల ఇంటిల్లిపాది కలిసి చేసే పెద్ద ప్రయాణమంటె మేడారం జాతరే. రెండేండ్లకొకసారి, మాఘ పున్నమికి. వీళ్లు మూన్నెల్లు ముందు ప్లాను చేస్తున్నరని ఎక్కిరించిన గని, మేము సుత కోతలు కాంగనే మొదలు పెట్టేటోళ్లం. అయితె ఫోన్ల కాదు, కొట్టంల. ముందుగాల కచ్చరాన్ని బయటికి గుంజి దాని ఇరుసు చూసేది. చక్రం పట్టాలు వదులైతె కమ్మరి దగ్గరికి. ఎడ్లకు నాడాలు కొట్టిచ్చుడు ఒక పూట పని. ఎద్దును కాళ్లు కట్టి పడేస్తె అది కండ్లు తేలేసి చూసేటి చూపు నాకు ఇంకా యాదికున్నది. బండి కింద వెదురు గొట్టం ఒకటి తాడుతోని వేలాడేది, దాంట్ల కందెన. ఆముదంల కాలిన గడ్డి మసి కలిపి మా నాయిన స్వయంగ నూరేటోడు. తొవ్వల ఇరుసు కిర్రుమంటె బండి ఆపి, చక్రం జరిపి, కట్టెపుల్లకు ఆ నల్లటి ముద్దను తీసి పెట్టేది. ఇప్పుడు కారుకు సర్వీసింగు చేపిచ్చిన్రా అంటె "యాప్‌ల బుక్ చేసినం బాపూ" అంటరు. బానెట్ ఎత్తి లోపల ఏమున్నదో చూసినోడు మా ఇంట్ల ఒక్కడు లేడు.

తిండి సంగతి అవ్వది. జొన్నరొట్టెలు రెండు పూటలకు, సకినాలు, అటుకులు, మామిడి తొక్కు, ఎల్లిపాయ కారం, బియ్యం, పప్పు. అమ్మవార్లకు బంగారం, అంటె బెల్లం, మనిషెత్తు తూచింది గోనెసంచిల. దాని మీద చీమలు పట్టకుంట చూసుడు పిల్లల పని. ఆ పేరుతోని ఒక చీమ సైజు ముక్క మా నోట్లకు సుత పోయేదనుకోండ్రి. గంపల కోళ్లు. ఒక బండి కింద ఒక కుక్క, దాన్ని ఎవలూ పిలువలేదు, అదే వచ్చింది.

గోదావరి దాటుడే అసలు పని. మాఘమాసానికి నీళ్లు పలుచబడుతయి, ఇసుక బయటపడుతది. ఇసుకల బండి గుంజుడంటె ఎడ్ల నోట్ల నురుగే. ఆడోళ్లు, పిల్లలు దిగి నడిచేది, మొగోళ్లు చక్రానికి భుజం పెట్టేది. లోతున్న కాడ చక్రాలు ఊడదీసి, బండిని, బెల్లాన్ని, ముసలోళ్లను పడవల ఎక్కిచ్చి, ఎడ్లను ఈదిపిచ్చేది. ఎడ్ల ముక్కులు, కొమ్ములే నీళ్ల మీద కనబడేది. అవతల ఒడ్డుకెక్కి అవి ఒళ్లు దులుపుకుంటె పిల్లలం అరుసుకుంట ఉరికేటోళ్లం. ఆడికి ఒక పొద్దు అయిపోయేది. ఆ ఒడ్డు మీదనే వంట, ఆడనే పడుకునుడు. మనుమని ప్లాన్ల గోదావరి దాటుడు ఒక గడి సుత కాదు. కాళేశ్వరం గడి ఉన్నది, ఇల్లు గడి ఉన్నది, నడుమ నది లేదు.

ఆ అవతల అడవిల తొవ్వ. మహదేవపూర్ దాటినంక బండ్లు ఒకదానెనుక ఒకటి, వేరే ఊర్లోళ్లవి సుత కలిసి పొడుగు వరుస. పొద్దుమూకంగ వాగు పక్కకు బండ్లన్ని గుండ్రంగ ఆపి, ఎడ్లను నడుమ కట్టేసి, చుట్టు మంటలు పెట్టేది. పులి వాసన తగిలితె ఎడ్లు ముందే చెప్తయి, చెవులు నిక్కబొడిచి, గిట్టలతోని నేల గీకుతయి. అప్పుడు పెద్దోళ్లు డప్పు కొట్టేది. మేము దుప్పట్ల నుంచి తలకాయ తీయకపోయేది. మేడారంల జంపన్న వాగు స్నానం చేసి, గద్దెల కాడ బంగారం అప్పజెప్పి, మల్ల అదే తొవ్వ. మేము పోయింది ఏటూరునాగారం అభయారణ్యంల నుంచే. 1950లల్లనే దాన్ని అభయారణ్యమన్నరు. అభయం ఎవలికో మాకు తెల్వది గని, భయం మాత్రం మాకే ఉండె.

ఇప్పుడు ఆ అడవినే మా మనుమరాలు ఫోన్ల చూపిస్తది, "తాతా, ఇక్కడ నేచర్ చాలా బాగుంటుంది." బాగుంటది బిడ్డా. నేను దాని నడుమ మూత్రానికి పోవుడు సుత ఒక్కన్ని పోలేదు.

వంతెనలు వద్దని నేనంటున్ననని అనుకుంటరేమో. నాకంత పాపం వద్దు. కాన్పు కష్టమై, బండిల తీసుకొచ్చి, పడవ అవతలి ఒడ్డున ఉంటె ఈ ఒడ్డు మీద కేకలేసుకుంట కూసున్న ఇండ్లు మా తాలూకాల మస్తున్నయి. అన్ని కేకలు అవతలికి వినబడలే. ప్రాణహిత మీద, గోదావరి మీద, ఇంద్రావతి మీద వంతెనలు పడ్డంకనే మేము నిజంగ ఒక దేశంల కలిసినం. వంతెన మీద మొదటిసారి పోయిననాడు ముసల్ది కొబ్బరికాయ కొట్టింది, నేను సుత దండం పెట్టిన. నా లొల్లి వంతెన మీద కాదు, వంతెన దిగినంక ఉన్న తొవ్వ మీద. సిరొంచ నుంచి ఆల్లపల్లికి నూరు కిలోమీటర్లు. ఫోను దానికి రెండు గంటలని చూపెడతది. ఫోనుకు నడుము లేదాయె. వానకాలం ఆ గుంతలల్ల లారీ ఇరుక్కుంటె రెండు పక్కల బండ్లు రాత్రంత నిలబడుతయి. లాల్ డబ్బా బస్సు డ్రైవర్లను అడుగున్రి, వాళ్లు ఆ తొవ్వను గుంత గుంత లెక్కన చెప్తరు. ఎడ్లబండి రోజుల్ల గుంతొస్తె ఎద్దే పక్కకు జరిగేది. ఇప్పుడు తెలివి కారుకున్నదంటరు, మరి జరగదేంది?

ప్లాన్లు మా నదులకు కొత్త కాదు. ఇంగ్లీషోళ్ల కాలంల ఆర్థర్ కాటన్ దొర సముద్రం నుంచి గోదావరిల, ప్రాణహితల పడవలు నడిపి వార్ధా పత్తిని కిందికి తేవాలనుకున్నడు. నడుమ బండలు అడ్డమున్న మూడు చోట్ల, దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి కాడ, ఆనకట్టలు, కాలువలు, లాకులు కట్టాలని లెక్కలేసిన్రు. ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి మా సిరొంచనే దానికి ముఖ్యపట్నం చేసిన్రు. పైసలు పోసిన్రు, మనుషులు జ్వరాలతోని పోయిన్రు, రైలు ముందుకొచ్చింది. 1871ల పని బందు పెట్టిన్రు. మూడేండ్లకు జిల్లా సుత పాయె, మమ్మల్ని చాందాల కలిపిన్రు. దేవలమర్రి మా అహేరి దిక్కుదే. పెద్ద పెద్ద దొరల కాగితం గళ్లు ఈ బండలకు తగిలి ఆగిపోయినయి. మా మనుమని గళ్లెంత!

నేను సుత మస్తు తిరిగిన మనిషినే, కాకపోతె ఇంట్ల కూసోని. పుట్టినప్పుడు మాది మధ్యప్రదేశ్. బడికి పోయే యాల్లకు బొంబాయి రాష్ట్రం. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. జిల్లా చాందా, దాన్నే చంద్రపూర్ అన్నరు, 1982ల అండ్లకెళ్లి విడదీసి గడ్చిరోలి అన్నరు. ఇంట్ల తెలుగు, బడిల మరాఠి, సంతల గోండి, లారీలోళ్లతోని హిందీ. హోటలు బుకింగు లేదు, టోలు లేదు, మూడు రాష్ట్రాలు చూసిన.

ఇగ చిత్రకోట్ ముచ్చట. అది మన దేశపు నయాగరా అట. ఇంద్రావతి నది తొంభై అడుగులకు పైనుంచి గుర్రపు నాడా ఆకారంల దుంకుతది, ఆగస్టుల చూస్తె కండ్లు తిరుగుతయి, కాదనను. వీళ్లు పోయేది సంక్రాంతికి. అప్పటికి నీళ్లు పాయలు పాయలుగ చీలి, నడుమ బండలు కనబడుతయి. సరే, అది సుత అందమే అంటరు. నా నవ్వు దానికి కాదు. ఆ ఇంద్రావతి ఒడిశాల కలహండి గుట్టలల్ల పుట్టి, జగదల్‌పూర్ దాటి, చిత్రకోట్‌ల దుంకి, బస్తర్ అంత తిరిగి యాడికొస్తది? మా సోమనూరుకే వస్తది. మా తాలూకాలనే గోదావరిల కలుస్తది. ఈ ఒడ్డు మహారాష్ట్ర, ఆ ఒడ్డు ఛత్తీస్‌గఢ్, ఇంకో ఒడ్డు తెలంగాణ. రెండు నదుల నీళ్లు కలవక కలవక కొంతదూరం పక్కపక్కన పోతయి. ఇంత దగ్గర పెట్టుకొని వీళ్లలో ఒక్కరు సుత సోమనూరు సంగమం చూడలే. ఆ నీళ్లనే చూసేటందుకు మూడొందల కిలోమీటర్లు ఎదురు పోతరట. నేనంటె మనుమడు, "అక్కడ వ్యూపాయింట్ ఉన్నదా తాతా?" అన్నడు. ఒడ్డున్నది బిడ్డా. నిలబడితె కనబడుతది.

నాకు అన్నింటికన్న మంట పెట్టింది ఇదే. నేషనల్ పార్కు, కొండ, గుహ అని వీళ్లు యాడెక్కడివో పేర్లు ఏరుకొచ్చిన్రు గని, మా తాలూకాను తొవ్వ లెక్క దాటిపోతరు. పొద్దుగాల బయలుదేరి పది గాకముందే ఇంద్రావతి అవతలుండాలని రాసుకున్నరు. ఈడ చూసేదేం లేదన్నట్టు.

ఏమున్నదో నేను చెప్త. సిరొంచ పక్కకు ప్రాణహిత ఒడ్డు మీద కోట అని చిన్న ఊరున్నది. భూగర్భశాస్త్రం చదివినోళ్లకు ప్రపంచమంత ఆ పేరు తెలుసు, ఈడి రాతిపొరలకు కోట ఫార్మేషన్ అనే పేరు ఆ ఊరిదే. రాక్షసబల్లులు తిరిగిన కాలపు రాళ్లు. 1960 చుట్టుపక్కల కలకత్తా నుంచి శాస్త్రవేత్తలొచ్చి ఈ లోయల తవ్వితె పెద్ద పెద్ద బొక్కలు దొరికినయి. అది టాగోరు నూరేండ్ల పండుగ కాలం గనుక, ఆ జంతువుకు ఆయన పేరు కలిపి బరాపసారస్ టాగోరై అన్నరు. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ల నిలబడి ఉన్నది. మా మనుమడు చిన్నప్పుడు ప్లాస్టిక్ డైనోసార్ లేనిది అన్నం తినకపోయేది. అసలు దాని బొక్కలు తాత ఊరి పక్కనున్న రాళ్లల్లవని చెప్తె నమ్మలే. వడదం కాడ అటవీశాఖ ఫాసిల్ పార్కు పెట్టింది, రాయిగ మారిన చెట్ల మొద్దులు చేతితోని ముట్టి చూడొచ్చు. అది సుత ప్లాన్ల లేదు.

ఇంక జర ఉత్తరానికి పోతె, కోలామార్క అడవిల అడవిదున్నలున్నయి. అట్లాంటిట్లాంటియి కాదు, కొమ్ములు బారెడు బారెడు. మధ్య భారతంల ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలినయి. 2013ల ఆ అడవిని వాటికోసం రిజర్వు చేసిన్రు. కమలాపూర్‌ల అటవీశాఖ ఏనుగుల క్యాంపున్నది. ఆ ఏనుగుల తాతముత్తాతలు టేకు దుంగలు గుంజినయి. మావటి ఒక్క మాటంటె ఏనుగు దుంగను తొండంతోని ఎత్తి, దంతాల మీద సర్దుకొని, పక్క దుంగ మీద వరుస తప్పకుంట పేర్చేది. ఆ పని చూసుకుంట మేము బడి ఎగ్గొట్టినం. ఆల్లపల్లి నుంచి భామ్రాగడ్ పోయే తొవ్వల "గ్లోరీ ఆఫ్ ఆల్లపల్లి" ఉన్నది, గొడ్డలి ముట్టని పాత టేకు అడవి. ఒక్కొక్క చెట్టును ఇద్దరు కలిసి చేతులు చాపినా అందది. 2014ల దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలమన్నరు. ఇంకొంత ముందుకు పోతె హేమలకస. 1973ల బాబా ఆమ్టే మొదలు పెట్టిన లోక్ బిరాదరి ప్రకల్ప్. ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే అక్కడ మాడియా గోండులకు దవాఖాన నడిపిన్రు, బడి నడిపిన్రు, తల్లులు పోయిన అడవి జంతువుల పిల్లలను సాదిన్రు. 2008ల వాళ్లకు మెగసెసే అవార్డిచ్చిన్రు. మనీలా దాకా తెలిసింది, మా వాట్సాప్ గ్రూపుకు తెలువలే.

చిన్నోడు తాడోబా కలపాలని పట్టు పట్టిండు. చంద్రపూర్ దిక్కు, మహారాష్ట్రల మొదటి నేషనల్ పార్కు, 1955ది. ఆన్‌లైన్ల గేటు, జీపు, గైడు అన్ని ముందే తీసుకోవాలె. అడుగడుగుకు పైసలు. మంగళవారం పార్కు బందు. వీళ్లకు కుదిరేదేమో మంగళవారమే. పెద్దోడు పులులకు సుత వారంల ఒకరోజు సెలవా అని నవ్విండు. నేనన్న, వాటికన్న ఉన్నది, మీకు ఆదివారం సుత ఫోన్లొస్తయి. మా నాయిన కాలంల దొరలకు, జమీందార్లకు షికారు పర్మిట్లుండె, డప్పులు కొట్టి జంతువును తుపాకి ముందుకు తోలే కూలికి మా దిక్కోళ్లను పిలిచేది. 1972ల చట్టమొచ్చి ఆ పాపం ఆగింది. ఆ చట్టం మంచిదే. కాకపోతె మేము అడవిల పోతె పులి కనబడొద్దని మొక్కేది. వీళ్లు కనబడాలని వేలకు వేలు కడుతరు, కనబడకుంటె మొఖం మాడ్చుకొని తిరిగొస్తరు.

నడుమ ఒక కాలం గురించి మనుమలకు ఎవలు చెప్పలే, నేను సుత చెప్పలే. పొద్దుమూకితె ఈ తొవ్వల మీద మనిషి లేకపోయేది. చెట్లు నరికి అడ్డమేసేది. అడవిలోళ్లు యాడికి పోతున్నవని అడుగుతరు, పోలీసులు యాడికెళ్లి వస్తున్నవని అడుగుతరు. రెండు జవాబులు ఎట్ల చెప్పినా తప్పే. చుట్టపు ఇంటికి పోవాలంటె పొద్దుగాలనే పోయి పొద్దుండంగనే రావాలె, లేకుంటె ఆడనే పండాలె. ఆ కాలమంత మేము ఏ ప్లాను చెయ్యలే. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఆసరెల్లి నుంచి మోటరు సైకిల్ మీద ఐస్‌క్రీము కొనుక్కొచ్చే పిల్లలున్నరు. చూస్తె బుగులు పుడుతది, సంబురమైతది. ఇండ్ల గొణిగేదేం లేదు.

గొణిగేది పండే కాడి గురించి ఉన్నది. మేము పోతె ఎవల అరుగు మీదనో దిగేది. చుట్టమా, సోపతా, ఏమీ కాడా, అడిగేటోళ్లు లేరు. ముందు చెంబుల నీళ్లిచ్చి, ఆ తర్వాత ఊరు పేరు అడిగేది. మా నాయిన భోపాల్‌పట్నం అవతల ఒక గోండు పటేలు ఇంట్ల దిగేటోడు. ఆయన మిర్చి కాలంల మా ఇంట్ల దిగేటోడు. ఈడికెళ్లి ఉప్పు, మిరపకాయలు పోతె ఆడికెళ్లి ఇప్పపువ్వు, చిరోంజి వచ్చేది. ఇప్పుడు గది తీసుకునే ముందు నాలుగొందల మంది రాసింది చదువుతరు. ఒకడు సబ్బు చిన్నదని రాసిండట, ఆ హోటలు వద్దన్నరు. సబ్బు ఇంటికెళ్లి తీసుకపోరాదా?

ఇగ మాటల సంగతికి వస్తె, అవతల అరకు దాకా నాలుగు బాసలు మారుతయి. తిమేడ్ దాటితె హిందీ, హల్బీ, గోండి, కోరాపుట్‌ల ఒడియా, అరకుల మల్ల తెలుగు, అది సుత మనకు సగమే తెలిసే తెలుగు. మా ఇంట్ల నాలుగు బాసలు వచ్చేది ముసలోళ్లకే. పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు, మరాఠి. భోపాల్‌పట్నం దాటి అడవిల సిగ్నల్ పోతె తొవ్వ ఎవలిని అడుగుతవు, ఏ బాసల అడుగుతవు అన్న. అందరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. అప్పటిదాక నన్ను ఇంట్ల ఇడిసిపోవాలని ఉండె. "మామా, మీకు అంత దూరం కూసోనుడు కష్టమైతది" అని పెద్ద కోడలు మెల్లగ అంటుండె. సిగ్నల్ ముచ్చట తీసినంక నా పేరు గళ్లల్లకొచ్చింది.

నేను రెండు షరతులు పెట్టిన. ఒకటి, ముందు సీటు నాది. వెనుక కూసుంటె గుట్టల తొవ్వల కడుపుల తిప్పుతది, డ్రైవరుకు సుత ఎవడో ఒకడు చెప్పాలె కదా. రెండు, మొదటి రోజు సిరొంచ తాలూకా దాటొద్దు. పొద్దుగాల కోట, వడదం, మధ్యాహ్నం ఇంట్ల బువ్వ, సాయంత్రం సోమనూరు సంగమం. ఆల్లపల్లి, హేమలకస వచ్చే ఏడాదికి, అప్పటికి ఆ తొవ్వ బాగు చేస్తె. పెద్ద కోడలు, "మామా, సోమనూరుల బాత్రూం ఉంటదా?" అని అడిగింది. మంచి ప్రశ్ననే. ఆసరెల్లిల చుట్టాలింట్ల ఆగుదమన్న, చాయ సుత అక్కన్నే అయితది.

మొన్న రాత్రి మల్ల ఫోను టింగుమన్నది. కొత్త గళ్లొచ్చినయి. పొద్దున కోట, వడదం ఉన్నయి. సాయంత్రం గడిల మనుమడు "తాత పాయింట్, 30 నిమిషాలు" అని రాసిండు. ముప్పై నిమిషాలు నాకు కారు దిగి మోకాళ్లు సాపుకునేటందుకే చాలవు. గంటన్నర రాయమన్న. ఆలోచిస్తడట. ఆలోచించనీ, ముందు సీటు మీద నా తువ్వాల ఇప్పటికే పడ్డది.